కొయ్యకాళ్లనుకుని కోశాను

నాకు ముక్కు మీద కోపమని మా ఊళ్లో పేరు. ఆ ముక్కును పట్టుకుని నలుగురి ముందు బిగించిన మనిషి ఈ భూమ్మీద ఒక్కడే ఉన్నాడు. సౌదీలో రాబిగ్ దాటాక ఎర్ర సముద్రం ఒడ్డున, పిక్కల్లోతు బురదలో, పట్టపగలు జరిగిందది. ఆ రోజు ఆయన మీద చెయ్యి చేసుకోకపోవడం నా అదృష్టం. ఆయన ఇచ్చిన ఖర్జూరాలు ఇప్పుడు నా మంచం కింద డబ్బాలో ఉన్నాయి, రోజుకు మూడు తింటున్నాను.

మాది జగిత్యాల వైపు పల్లె. వరి, మక్క, పసుపు తప్ప వేరే పంట తెలియదు. చెరువు నీళ్లు, బోరు నీళ్లు తప్ప వేరే నీళ్లు తెలియవు. సముద్రాన్ని మొదటిసారి విమానం కిటికీలోంచి చూశాను. అదీ పక్క సీటతను చెప్తేనే సముద్రమని అర్థమైంది. సౌదీకి వచ్చి పదకొండేళ్లు. మొదట హుఫూఫ్ ఖర్జూరం తోటల్లో చేశాను, అక్కడ కొన్న వంకీ కొడవలి ఒకటి నాతోపాటే రాబిగ్‌కు వచ్చింది. ఇక్కడ తోటపని, ఊడ్చేపని చేసే కంపెనీలో ఆరుగురి మీద ఫోర్‌మన్‌ను. ఫోర్‌మన్ అంటే కుర్చీ ఉంటుందనుకునేరు. అందరితో సమానంగా వంగి, అందరికంటే ఎక్కువ తిట్లు తినడమే ఆ ఉద్యోగం.

ఇక్కడ నా గొప్ప ఒకటి చెప్పుకోవాలి. చెప్పకపోతే మిగతా కథ అర్థం కాదు. మా ఊళ్లో నాట్లప్పుడు ఆడవాళ్లు మడిలో దిగకముందు ఎవరో ఒకరు ఈశాన్యం మూలన నాలుగు మొక్కలు పెట్టాలి. ఎవరి పొలంలో వాళ్లే పెట్టుకోవచ్చు. కానీ నాకు ఇరవై ఏళ్లున్నప్పుడు ఒకసారి మా పక్కపొలం ఆయనకు జ్వరమొచ్చి, ఆయన బదులు నేను పెట్టాను. ఆ ఏడు చుట్టుపక్కల అన్ని పొలాలకూ తెగులు తగిలితే ఆయన పొలం ఒక్కటే నిలబడింది. అంతే, నా చెయ్యి మంచిదని పేరు పడిపోయింది. అప్పటినుంచి నాట్ల రోజుల్లో పొద్దున్నే మా వాకిట్లో మనుషులు నిలబడేవాళ్లు. నమ్మకమో పిచ్చో నాకు తెలియదు. పైకి నవ్వేవాణ్ణి, లోపల మాత్రం మస్తు సంబరంగా ఉండేది. అందుకే సౌదీకి వచ్చాక కూడా నా ఛుట్టీ, అంటే ఊరికెళ్లే సెలవు, ఎప్పుడూ నాట్ల కాలానికే పెట్టుకున్నాను.

ఈ సంగతి క్యాంపులో అందరికీ తెలుసు, ఎందుకంటే నేనే చెప్పాను. దీన్ని పట్టుకుని నన్ను ఏడిపించేది మా డ్రైవర్ భాయ్. కడప మనిషి, ఇరవై ఏళ్లుగా ఇక్కడే ఉన్నాడు, అరబ్బీ నీళ్లు తాగినట్టు మాట్లాడతాడు. బండి ఆగినా ఆయన నోరు ఆగదు. పొద్దున బండెక్కగానే మొదలు. "ఏం సామీ, చెయ్యి బాగుండాదా? రాత్రి దుప్పటి కప్పినావా దానికి?"

పోయినేడు రంజాన్ పండగ అయిపోయిన వారానికి మాకు ఒడ్డు శుభ్రం పని పడింది. పండగ సెలవుల్లో జనం సముద్రం దగ్గరికి వచ్చి తిని, తాగి, ప్లాస్టిక్ అంతా అక్కడే వదిలేసి పోయారు. మా సూపర్‌వైజర్ లాహోర్ ఆయన. ఫోన్‌లో ఒక్క ముక్క చెప్పాడు, "ప్లాస్టిక్ పూరా ఉఠావో, ఏక్ థైలీ భీ నహీ దిఖ్‌నా." ప్లాస్టిక్ అంతా ఎత్తెయ్యాలి, ఒక్క సంచి కూడా కనబడకూడదని. అంతకు మించి ఏమీ చెప్పలేదు, నేనూ అడగలేదు.

వెళ్లి చూస్తే ఉప్పునీళ్లలో చెట్లు! నాకు నమ్మబుద్ధి కాలేదు. ఆకు తెంపి నాకితే ఉప్పు. ఇక్కడివాళ్లు దాన్ని షూరా అంటారు. తెలుగులో మడచెట్టని పేరుందని తర్వాత తెలిసింది, సముద్రమున్న జిల్లాల వాళ్ల మాట అది. వాటిల్లో ఒకటి అన్నిటికంటే పెద్దది, రెండు నిలువుల ఎత్తు, గొడుగు పట్టినట్టు నీడ. ఆ చెట్టు చుట్టూ బురదలోంచి వేలకు వేలు పుల్లలు నిలబడి ఉన్నాయి. పెన్సిలంత లావు, జానెడు ఎత్తు. ప్రతి పుల్లకూ ఏదో ఒకటి తగులుకుని ఉంది, చిప్స్ కవరో, సంచో, తెగిన వల ముక్కో. ఒకటి లాగితే పది చినుగుతున్నాయి. మావాడొకడికి బూటు అడుగు అరిగిపోయి, ఒక పుల్ల పాదంలో దిగబడింది.

"అన్నా, ఇవేందే? కాల్లల్ల గుచ్చుకుంటున్నయ్," అని కుంటుకుంటూ వచ్చాడు.

"కొయ్యకాళ్లురా. ఎవడో చెట్లు కొట్టి మొదళ్లు ఇడిసిపెట్టిండు," అన్నాను. అన్నీ తెలిసినవాడిలా అన్నాను. వరి కోశాక, మక్క విరిచాక పొలంలో కొయ్యకాళ్లు మిగులుతాయి, మళ్లీ పంటకు ముందు వాటిని తీసేయాలి. నా కళ్లకు అదే పొలం కనబడింది.

బండికి ఆనుకుని చాయ్ తాగుతున్న భాయ్ నేను కొడవలి తియ్యడం చూశాడు. "సామీ, మనకు చెప్పింది ప్లాస్టిక్ ఏరమని. కోతలెందుకు పెట్టినావు?"

"నువ్వు బండి నడుపు భాయ్. పొలం సంగతి నాకు ఇడిసిపెట్టు," అన్నాను.

ఆ పెద్ద చెట్టుకు సముద్రం వైపున్న భాగమంతా కోసేశాను. మావాళ్లు వెనకాలే కుప్ప వేస్తూ వచ్చారు. కోస్తున్నప్పుడే తెలియాలి నాకు. ఎండిన కొయ్య కొడవలికి టక్కున విరుగుతుంది. ఇవి విరగలేదు, మెత్తగా తెగాయి. లోపల పచ్చిగా, దూదిలా ఉన్నాయి. నా చెయ్యి ఆ సంగతి నాకు చెప్పింది, నేను వినిపించుకోలేదు. పనిలో పడితే నాకు ఒళ్లు తెలియదు. పదిన్నరకల్లా అక్కడ నున్నటి బురద తప్ప ఏమీ లేదు. ఫొటో తీసి మా ఆవిడకు పంపాను. వెంటనే మెసేజ్ పెట్టింది, వాయిస్‌లో. "అబ్బ, అద్దం లెక్క జేసినవ్. గా చెట్టుకు బొట్టువెట్టి దండం వెట్టొచ్చు." సూపర్‌వైజర్‌కూ పంపాను. ఆయన బొటనవేలు బొమ్మ పెట్టాడు.

అప్పుడు వచ్చాడు ఆ పెద్దాయన. చిన్న ఫైబర్ పడవ, మోటారు ఆపి గెడతో నెట్టుకుంటూ వచ్చాడు. తెల్ల గడ్డం, తోబు అనే పొడుగు అంగీని మోకాళ్ల పైకి దోపుకుని ఉన్నాడు. పడవలోంచి దిగి, నున్నగా చేసిన చోట నిలబడి చుట్టూ చూశాడు. కుప్ప దగ్గర వంగి గుప్పెడు ముక్కలు తీశాడు. వాసన చూశాడు. ఎవరు చేశారని అడిగాడు. అరబ్బీ రాకపోయినా ఆ ప్రశ్న అందరికీ అర్థమైంది. మావాళ్లంతా ఒక్కసారిగా నావైపు చూశారు. ఐకమత్యమంటే అదీ!

ఆయన నా దగ్గరికి నడిచి వచ్చాడు. సలాం చెప్పబోయాను. ఎడమ చేత్తో నా నోరు మూసి, కుడిచేతి రెండు వేళ్లతో నా ముక్కు పట్టి బిగించాడు. వల లాగిన వేళ్లవి, పటకారే. మొదట నవ్వులాటకనుకున్నాను. తర్వాత గాలి అందలేదు. చెవుల్లో గుయ్యిమంది. ఆయన నా కళ్లలోకి చూస్తూ అలాగే పట్టుకున్నాడు. రెండు చేతులతో ఆయన్ని నెట్టేసి, దగ్గుతూ, మా తాత నేర్పిన తిట్లన్నీ తిట్టాను. పిడికిలి కూడా లేచింది. ఆయన బెదరలేదు. ముందు తన ముక్కును, తర్వాత మిగిలిన పుల్లలను వేలితో చూపించి, "హాదా ఖషమ్," అన్నాడు. రెండోసారి కూడా అదే అన్నాడు.

భాయ్ చాయ్ గ్లాసు పారేసి పరుగెత్తుకొచ్చాడు. ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. భాయ్ ముఖంలో వేళాకోళం పోవడం నేను అప్పుడే మొదటిసారి చూశాను.

"సామీ, ఖషమ్ అంటే ముక్కు. ఈ బురదలో గాలుండదంట. అడుగునుండే ఏర్లకు ఊపిరాడక, చెట్టు ఇట్ల పైకి ముక్కులు పెడతాదంట. నువ్వు కోసింది కొయ్యలు కాదప్పా, దాని ముక్కులు."

నా చేతిలో కొడవలి అలాగే ఉంది. ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

పెద్దాయన ఇంకా చెప్పాడు, భాయ్ ఒక్కో ముక్క తెలుగు చేశాడు. ఆయన తండ్రి ఈ చెట్టుకే పడవ కట్టేవాడట. ఈ పుల్లల మధ్యే రొయ్య పిల్లలు, చేప పిల్లలు పెద్ద చేపలకు దొరక్కుండా దాక్కుని పెరుగుతాయట. అవి పెద్దవై సముద్రంలోకి పోతేనే తన వలలో ఏమైనా పడేది. ఇక్కడ సముద్రం ఎండాకాలం తగ్గి ఉంటుంది, ముక్కులన్నీ బయటే ఉంటాయి. చలికాలం నీళ్లు జానెడు పైకొచ్చి నెలల తరబడి నిలుస్తాయి. "ఆ నీళ్లు వచ్చేలోపల ముక్కులు మళ్లీ లేస్తే చెట్టు బతుకుతాదంట. లెయ్యకపోతే ఊపిరాడక సస్తాదంట. అంతే అంటాండాడు," అన్నాడు భాయ్.

సాయంత్రం సూపర్‌వైజర్ వచ్చాడు. విషయం తెలిసి తల పట్టుకున్నాడు. మంచివాడే, నన్ను కాపాడాలనే చూశాడు. "ఊంట్ ఖా గయే లిఖ్ దేతే హై," అన్నాడు, ఒంటెలు తినేశాయని రాసేద్దామని. ఒంటెలు నిజంగానే ఈ చెట్ల ఆకు తింటాయి. నేను ఒప్పుకోలేదు. ఒంటెకు కొడవలి ఎక్కడిది? కోసిన చోట అన్నీ ఒక్క ఎత్తున, వంపు తిరిగి తెగి ఉన్నాయి. మా పల్లె మనిషి ఎవడు చూసినా అది నా చేతి కోతని చెప్పేస్తాడు. నేనే చేశానని కాగితం మీద సంతకం పెట్టాను. హెచ్చరిక ఇచ్చి వదిలేశారు.

కంపెనీ వదిలేసింది కానీ నన్ను నేను వదల్లేకపోయాను. ఆ రాత్రి మా ఆవిడ ఫోన్ చేసి, ఆ ఫొటో పక్కింటి వాళ్లకు కూడా చూపించానంది. ఊఁ కొట్టాను. భోజనం సయించలేదు. తెగులు తగలనివ్వదని పేరున్న చేత్తో, పచ్చని చెట్టు ఊపిరి తీశాను.

శుక్రవారం మాకు సెలవు. జుమ్మా నమాజు అయ్యాక భాయ్ గదిలో పడుకునే మనిషి. నేను వెళ్లి గుమ్మంలో నిలబడ్డాను. నోరు తెరిచి అడగక ముందే, "తెలుసు సామీ, యాడికో తెలుసు, పా," అని తాళాలు తీసుకున్నాడు. ఆ వారం నుంచి ప్రతి శుక్రవారం మేమిద్దరం ఆ ఒడ్డుకు వెళ్లాం. ఒక ప్లాస్టిక్ గిన్నె నిండా బిర్యానీ, పెద్ద ఫ్లాస్కు చాయ్, రెండు గోనెసంచులు. నేను ఏరేవాణ్ణి, ఆయన నీడలో కూర్చుని వ్యాఖ్యానం చెప్పేవాడు. నాలుగో వారానికి ఆయనే ప్యాంటు మడిచి దిగాడు.

పని చిన్నదే. మిగిలిన ముక్కుల మీద ప్లాస్టిక్ లేకుండా చూడాలి. ఒక్క సంచి గాలికి వచ్చి పడితే దాని కింద యాభై ముక్కులు మూసుకుపోతాయి. తీసేవాళ్లం, మళ్లీ వచ్చేవి. ఒకసారి ఒక యువకుడు కారు పక్కన నిలబడి జ్యూస్ డబ్బా నీళ్లలోకి విసిరాడు. నాకు నషాళానికంటింది. "ఏమయ్యా, నీ ముక్కుల డబ్బా వెట్టాలెనా?" అని జగిత్యాల తెలుగులో అరిచాను. అతనికేం అర్థమైందో గాని, దిగి తెచ్చుకుని బండిలో వేసుకున్నాడు. చెయ్యెత్తి క్షమించమన్నాడు కూడా. భాయ్ వారం రోజులు ఆ మాటే క్యాంపులో అందరికీ చెప్పాడు.

నిజం చెప్పాలంటే, తప్పు కడుక్కోవడానికి వెళ్లిన నాకు అక్కడ హాయిగా ఉండేది. ఎండ్రకాయలు మా ఊళ్లోనూ ఉంటాయి, కానీ ఒక చెయ్యి తన ఒళ్లంత పెద్దగా ఉన్న ఎండ్రకాయను అక్కడే చూశాను. రమ్మన్నట్టు ఆ చెయ్యి ఊపేది, వెళ్తే బొరియలో దూరేది. అవి తవ్వే బొరియల్లోంచి బురదకు గాలి అందుతుందని పెద్దాయన చెప్పాక, వాటి మీద అడుగు పడకుండా నడిచేవాళ్లం. బురద మీద గెంతే చేప ఒకటుంది. మొదటిసారి చూసి భాయ్ బల్లి అని కేకపెట్టి నా వీపెక్కబోయాడు. చేప నేల మీద నడుస్తుందని చెప్తే మా ఊళ్లో నన్ను పిచ్చాసుపత్రికి పంపుతారు. మధ్యాహ్నాలు కొంగలు వచ్చి మాకు అటువైపు నిలబడేవి. అవి మమ్మల్ని, మేము వాటిని పట్టించుకునేవాళ్లం కాదు.

పెద్దాయన మొదటి నెలంతా నాతో మాట్లాడలేదు. దూరంగా పడవలో కూర్చుని చూసి వెళ్లిపోయేవాడు. తర్వాత ఒక శుక్రవారం పడవ ఒడ్డుకు తెచ్చి, చిన్న కప్పులో గహ్వా, వాళ్ల కాఫీ, పోసి నా ముందు పెట్టాడు. చేదు, యాలకుల వాసన. తాగాను. ఇంకో కప్పు పోశాడు. ముక్కు సంగతి మేమిద్దరం ఎత్తలేదు.

జూన్ వచ్చింది. నా ఛుట్టీ కాగితం మంజూరై చేతికి వచ్చింది. అదే వారం మా ఆవిడ ఫోన్.

"పక్కపొలం పెద్దనాయిన మడి సాపు జేయించిండు, కొత్త బోరు ఏయించిండు. నువ్వు వచ్చేదాక నారు వట్టుకొని కూసుంటడట. ఎన్నడొస్తున్నవ్?"

"కంపెనీ ఛుట్టీ ఇస్తలేదు," అన్నాను.

"మొన్న ఇచ్చిండ్రంటివి?"

సిగ్నల్ లేదని గొణిగాను.

"నీ గొంతు గట్లెందుకున్నది? నిజం చెప్పు, నా మీద ఒట్టు."

చెప్పేశాను. ఫొటో సంగతి, కొడవలి సంగతి, ముక్కు సంగతి, చలికాలం నీళ్ల సంగతి. ఈ చేత్తో నేనిప్పుడు ఎవరి పొలంలోనూ మొక్క పెట్టలేనని కూడా చెప్పాను. చెప్తుంటే సిగ్గు వేసింది. 

"అయితే గా చెట్టు సంగతి తేలేదాక రావన్నట్టు?"

"రాను."

"ఉండు మరి గాడనే, మడమల దాక పాతుకొని ఉండు. ఇంట్ల మొగడు గావాలె అన్న సోయి ఉంటే గద," అని పెట్టేసింది. రెండేళ్లకొకసారి ముఖం చూపించే మొగుడు రాననేసరికి ఆమెకు మండదా మరి. తప్పు నాదే. మర్నాడు తనే చేసింది. హలో లేదు, తిన్నావా లేదు. "లేసినయా?" అంది.

"ఇంకా లెవ్వలే."

"సరే," అని పెట్టేసింది. ఆ తర్వాత రోజూ అదే మాట. పక్కపొలం పెద్దనాయన మాత్రం నేను రానని తెలిసి తన చేత్తోనే మొక్కలు పెట్టుకున్నాడు. పంట కూడా బ్రహ్మాండంగా వచ్చిందట. ఆ మాట విని నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఎండలు ముదిరాయి. మధ్యాహ్నం పనులు ఆపేసే రోజులవి, బురద మీద పొర ఎండి పెచ్చులు లేస్తోంది. కోసిన వైపు ఆకులు పసుపెక్కాయి. పసుపు పండించేవాణ్ణి నేను, నాకు ఇష్టమైన రంగది, కానీ ఆ చెట్టు మీద దాన్ని చూడలేకపోయాను. సముద్రం వైపు వంగిన పెద్ద కొమ్మ పూర్తిగా ఎండింది. పెద్దాయన కొమ్మను గోటితో గీరి చూసి, తల అడ్డంగా ఊపాడు. చెట్టంతా పోతుందా అని భాయ్‌తో అడిగించాను. "అల్లాకు తెలుసంటాండాడు," అన్నాడు భాయ్. 

అక్టోబరులో ఒక శుక్రవారం, నున్నటి బురద మీద పడిన సంచి తియ్యడానికి మోకాలి మీద వంగాను. మోకాలికి చురుక్కున ఏదో గుచ్చుకుంది. గాజుపెంకేమోనని చేత్తో తడిమాను. గాజు కాదు. చిటికెన వేలి గోరంత మొన, బురదలోంచి పైకి తలెత్తి ఉంది. పక్కన ఇంకొకటి. అరచెయ్యి బురద మీద మెల్లగా జరిపాను, అరచేతికంతా చిన్నచిన్న మొనలు తగిలాయి. "భాయ్!" అని ఎంత గట్టిగా అరిచానంటే, పామనుకుని ఆయన కర్ర పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. నేను బురదలో బోర్లా పడుకుని ఏడుస్తున్నాను. ఆయనా పక్కన కూర్చున్నాడు. ఏమీ అనలేదు. కడప మనిషి ఏమీ అనకపోవడమంటే మాటలా!

బురద చేతులతోనే ఇంటికి ఫోన్ చేశాను. మా ఆవిడ "లే…" అని మొదలుపెట్టకముందే, "లేసినయ్!" అన్నాను. ఆమె ఎవరినో పిలిచి చెప్పడం వినబడింది. మా వాకిట్లో ఎవరెవరు ఈ సంగతి కోసం ఎదురుచూస్తున్నారో నాకు అప్పటిదాకా తెలియదు.

సంబరపడ్డాను కానీ పెద్దాయన పడలేదు. మొన పక్కన వేలు ఆనించి చూపించాడు, ఒక కణుపు. తర్వాత చెయ్యి చాపి జానెడు చూపించాడు. నీళ్లొచ్చేలోపల ఇంత కావాలని. అప్పటినుంచి ప్రతి శుక్రవారం వేలు ఆనించి చూడటమే మా పని. రెండు కణుపులు. మూడు. నవంబరు చివర్లో గాలి చల్లబడింది, ఒడ్డు మీద తడి గీత పైకి జరగడం మొదలైంది. చలి అంటే నాకు ఇష్టం, ఆ ఏడు మాత్రం రావద్దని మొక్కాను.

జనవరిలో నీళ్లు నిండుగా వచ్చేశాయి. కోసిన చోటంతా మునిగింది. మేం పడవలో వెళ్లి చూశాం. చాలా ముక్కులు నీళ్ల కిందే ఉన్నాయి, వేలి మందం లోతులో, కనబడుతూనే ఉన్నాయి గాని గాలి అందదు. ఒడ్డువైపు ఉన్నవి మాత్రం మొనలు బయటపెట్టి నిలబడ్డాయి. నాకు నా ముక్కు గుర్తొచ్చి నోరు తెరిచి గాలి పీల్చుకున్నాను. పెద్దాయన తొందరపడలేదు, వల సర్దుకుంటూ కూర్చున్నాడు. మధ్యాహ్నానికి గాలి తిరిగింది. నీళ్లు రెండు వేళ్లు దిగాయి. ఒకటి, పది, వంద, ముక్కులు నీళ్లలోంచి బయటికి వచ్చాయి. పెద్దాయన భాయ్‌తో ఏదో అన్నాడు. "ఇట్ల పూటకు కొంచెంసేపు గాలి తగిలితే సాలంట సామీ. సగం చెట్టు పోయింది, సగం నిలబడతాదంటాండాడు."

సగం పోయిందన్న మాట కంటే, సగం నిలబడుతుందన్న మాటే నాకు గట్టిగా వినబడింది. అలాగే జరిగింది కూడా. ఎండిన కొమ్మ అలాగే ఉంది, దాని మీద ఇప్పుడు కొంగ కూర్చుంటుంది. మిగతా చెట్టు చలికాలం దాటింది, కొత్త ఆకు వేసింది.

ఈ ఏడు గింజలు రాలే రోజుల్లో పెద్దాయన కబురు పెట్టాడు. ఆ రోజు నాతోపాటు మా ఆరుగురిని కూడా భాయ్ బండిలో ఎక్కించి తెచ్చాడు, ఎందుకో చెప్పలేదు. పడవలో ఒక బకెట్ ఉంది. అందులో చిక్కుడు గింజల్లాంటి గింజలు, నీళ్లలో నాని పొట్టు ఊడి, రెండాకులు విచ్చి, వేరు పోసి ఉన్నాయి. ఈ చెట్టువే అని పెద్దాయన చెట్టును చూపించాడు. కోసిన చోట ముక్కులు మళ్లీ రాని ఖాళీల్లో నాటడానికి తెచ్చాడు.

ఆయన ఒక మొలక తీసి నా ముందు చాపాడు. నన్ను చూపించి, మిగతావాళ్లను చూపించి, ఏదో అన్నాడు.

"మొదటిది నువ్వే పెట్టాలంటాండాడు. తర్వాతే వీళ్లంతా దిగాలంట," అన్నాడు భాయ్, ఎటో చూస్తూ.

నాకు వెంటనే అర్థమైంది. "నువ్వు చెప్పినవా ఆయనకు? నా చెయ్యి కథ చెప్పినవా?" అని మీద పడ్డాను.

"ఎప్పుడో చెప్పినా సామీ. నీ ముక్కు పట్టుకున్న నెలకే చెప్పినా. అందుకే గదా ఆయప్ప గహ్వా పోసింది!"

నేను చెయ్యి వెనక్కి పెట్టుకున్నాను. ఈ చేత్తో కోశాను, ఈ చేత్తో వద్దు, మీరే పెట్టండన్నాను. భాయ్ అది అరబ్బీ చేసి చెప్పాడు. పెద్దాయన విన్నాడు. ఎడమచేతిలోకి మొలక మార్చుకుని, కుడిచేతి రెండు వేళ్లు నా ముక్కు వైపు తెచ్చాడు. మావాళ్లంతా గొల్లుమన్నారు. నాకూ నవ్వు ఆగలేదు, వెనక పెట్టుకున్న చెయ్యి దానంతటదే ముందుకొచ్చింది.

చుట్టూ చూసి ఈశాన్యం మూల ఎటో సరిచూసుకున్నాను. వేరు మునిగేంత, ఆకులు పైన ఉండేంత, బొటనవేలితో ఒత్తి పెట్టాను. ఒకటి కాదు, మా ఊళ్లో లాగే నాలుగు పెట్టాను. తర్వాత మావాళ్లు దిగారు. చెప్పకుండానే ఎండ్రకాయ బొరియలు తప్పించి అడుగులు వేశారు. నాట్లు వేస్తున్నట్టే వరసలు కట్టారు. దూరం దూరంగా పెట్టమని పెద్దాయన, దగ్గర దగ్గరగా అలవాటైన మావాళ్లు, మధ్యలో రెండు భాషల్లో అరుస్తూ భాయ్.

వీడియోలో మా ఆవిడకు చూపించాను. నాలుగు మొలకలు, చెట్టు, ఎండిన కొమ్మ మీద కొంగ, బురద కొట్టుకుపోయిన నేను.

"ఛుట్టీ కాగితం రాసిచ్చిన," అన్నాను. "ఈ యేడు నాట్లకు ఇంట్ల ఉంట. పక్కపొలం పెద్దనాయినకు చెప్పు."

ఆమె ఫోన్ ముఖానికి దగ్గరగా తెచ్చుకుంది.

"ఉత్తగనే వస్తున్నవా, చెయ్యి కూడ తెస్తున్నవా?" అంది.

"తెస్తున్న," అన్నాను.